అవినీతి మీద కామెడీ సినిమా పెట్టే ముందు: ఎవరి మీద నవ్వాలనుంది?

2024 మే 12, ఆదివారం రాత్రి. తెల్లారితే పోలింగ్. ఓటు కోసం హైదరాబాద్ నుంచి ఊరొచ్చిన మాతో కలిపి పెదనాన్న ఇంట్లో పదకొండు మందిమి తేలాం. భోజనాలయ్యాక న్యూస్ పెడితే మామయ్యకీ బాబాయికీ పడదని పిన్ని ముందే రిమోట్ తీసి దిండు కింద పెట్టుకుంది. "ఈ నాయకుల మీద మంచి కామెడీ సినిమా ఏదన్నా ఉంటే పెట్టరా, నీకు తెలుస్తాయిగా" అంది నాతో. అలా అడగడమే ఆలస్యం, ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి 'జానే భీ దో యారో' పెట్టేశాను. నాకు ప్రాణమైన సినిమా.

అరగంట తిరిగేసరికి బాబాయి గుర్రు పెడుతున్నాడు. పెదనాన్నకి హిందీ రాదు, కింద వచ్చే ఇంగ్లిష్ అక్షరాలు చదివేలోపు మారిపోతున్నాయి. పదేళ్ళ మేనకోడలు నా చెవి దగ్గరికొచ్చి "మామయ్యా, ఆయన చచ్చిపోయాడు కదా, మరి నువ్వెందుకు నవ్వుతున్నావ్?" అనడిగింది. ఏం చెప్పను? ఇంటర్వెల్ దాకా కూడా ఆగకుండా పిన్ని దిండు కింద నుంచి రిమోట్ తీసింది.

సినిమా తప్పేం లేదు. ఆ గదికి ఆ సినిమా తెచ్చిన నాదే తప్పు. అప్పట్నుంచి ఎవరైనా ఇలాంటి సినిమా చెప్పమంటే నేను ముందు ఒకటే అడుగుతున్నాను: మీకు ఎవరి మీద నవ్వాలనుంది? అవినీతి మీద కామెడీ అనగానే అన్నీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, ఒకటి దొంగ మీద నవ్విస్తుంది, ఇంకొకటి దొంగని పట్టుకోబోయిన వెర్రిబాగులోడి మీద నవ్విస్తుంది, మరొకటి చల్లగా మన మీదే నవ్విస్తుంది. ఏ నవ్వు కావాలో తెలీకుండా పెడితే మా ఇంట్లో జరిగిందే మీ ఇంట్లోనూ జరుగుతుంది.

రెండు బ్రిడ్జిలు, ఏడాది తేడా

ముందు ఆ రాత్రి తేలిపోయిన సినిమా సంగతే చూద్దాం. కుందన్ షా తీసిన 'జానే భీ దో యారో' 1983లో వచ్చింది. సినిమాలకి డబ్బు పెట్టే ప్రభుత్వ సంస్థ ఎన్ఎఫ్‌డీసీ సాయంతో, దాదాపు 7 లక్షల రూపాయల్లో తీసేశారు. నసీరుద్దీన్ షా, రవి బాస్వానీ బొంబాయిలో కొత్తగా స్టూడియో పెట్టుకున్న ఫోటోగ్రాఫర్లు, బేరాల్లేని బతుకులు. 'ఖబర్దార్' అనే పత్రిక ఎడిటరమ్మ వాళ్ళని ఒక బిల్డర్ మీద నిఘా పెట్టమంటుంది. ఓ పార్కులో తీసిన ఫోటోని పెద్దది చేసి చూస్తే మూల ఎక్కడో హత్య కనిపిస్తుంది. చంపింది తర్నేజా అనే బిల్డరు. చచ్చింది మున్సిపల్ కమిషనర్ డిమెల్లో. ఫ్లైఓవర్ కాంట్రాక్టు తనకి కాకుండా పోటీదారుడు అహూజాకి ఇచ్చాడన్న కడుపుమంట.

ఇక అక్కడి నుంచి శవం ప్రయాణం. శవపేటికని చూసి తాగిన మత్తులో ఉన్న అహూజా (ఓం పురి) అది పాడైపోయిన కారనుకుంటాడు, లోపలున్నాయన పలక్కపోయినా పాపం కదా అని తన బండికి కట్టి లాక్కెళ్తాడు. చివరికి ఆ శవం ఒక నాటకం స్టేజీ ఎక్కుతుంది. మహాభారతం, వస్త్రాపహరణం సీను, ద్రౌపది చీర కట్టుకున్న కమిషనర్ శవం. చీర లాగితే గుట్టు బయటపడుతుంది కాబట్టి దుర్యోధనుడి వేషంలో దూరిన మన ఫోటోగ్రాఫరు "నేను వస్త్రాపహరణం ఐడియా మానుకున్నా" అని సభలో ప్రకటిస్తాడు. గుడ్డి ధృతరాష్ట్రుడు అసలేం జరుగుతోందని అడుగుతూనే ఉంటాడు. భీముడిగా దిగిన అహూజా, ద్రౌపది ఒక్కడి సొత్తు కాదనీ తామంతా షేర్‌హోల్డర్లమనీ వాదిస్తాడు. సురభి నాటకాలో, పల్లెలో తెల్లవార్లూ వేసే పౌరాణికాలో చూసిన మనవాళ్ళకి ఆ సీను ఇంకాస్త ఎక్కువ అందుతుందని నా నమ్మకం. పద్యం మధ్యలో మైకు పోతే నటులు ఎలా సర్దుకుంటారో మనకి తెలుసు కదా, ఇది అదే గందరగోళం, కాకపోతే మధ్యలో శవం ఉంది.

అయితే నన్ను ఇప్పటికీ పట్టి వదలని ముక్క ఆ స్టేజీ సీను కాదు. డిమెల్లో బతికున్నప్పుడు అమెరికా వెళ్ళొచ్చి అక్కడి మురుగుకాల్వల్ని తెగ పొగుడుతాడు. అక్కడ తాగే నీళ్ళు వేరు, మురుగునీళ్ళు వేరూనట! అతను పోయాక సంతాప సభలో, ఆయన మురుగుకాల్వల కోసమే బతికాడనీ వాటికోసమే చచ్చాడనీ ఉపన్యాసం. ఫ్లైఓవర్‌కి ఆయన పేరు. ఆయన్ని చంపినవాడే ముందు వరసలో కూచుని ఆ గౌరవాలన్నీ జరిపిస్తాడు. మన ఊళ్ళల్లో శిలాఫలకాల మీద పేర్లు చదివినప్పుడల్లా నాకు ఈ సీనే గుర్తొస్తుంది.

ఇందులో మనం నవ్వేది ఎవరి మీద? దొంగల మీద కొంత. ఎక్కువ ఆ ఇద్దరు ఫోటోగ్రాఫర్ల మీద. లోకం నిజం పక్షాన ఉంటుందని నమ్మిన ఇద్దరు అమాయకులు. పత్రిక ఎడిటరమ్మ కూడా చేతికి సాక్ష్యం దొరగ్గానే బిల్డరుతో బేరానికి కూచుంటుంది. ముగింపు చెప్పను గానీ, అప్పటిదాకా నవ్వి నవ్వి చివరి నిమిషంలో నోరు అలాగే తెరుచుకుని ఉండిపోతుంది. కాబట్టి ఇది ఒంటరిగా గానీ, రాజకీయాలు మాట్లాడుకునే ఇద్దరు ముగ్గురు స్నేహితులతో గానీ చూసేది. హిందీ బాగా తెలిసుండాలి. డైలాగుల్లో సగం మజా మాట మీద మాట పడటంలోనే ఉంది, సబ్‌టైటిళ్ళలో అది రాదు. మొదటి అరగంట కాస్త నెమ్మది, ఓపిక పట్టాలి.

దీని పక్కన పెట్టి చూడాల్సింది మలయాళం 'పంచవడి పాలం'. కె.జి. జార్జ్ తీశారు, 1984. పాలం అంటే బ్రిడ్జి. బొంబాయిలో ఫ్లైఓవర్ అయితే ఇక్కడ ఒక పంచాయతీలో చిన్న వంతెన. కథ వింటే నమ్మబుద్ధి కాదు, నమ్మకుండా ఉండబుద్ధీ కాదు. ఊళ్ళో పాత బ్రిడ్జి దిట్టంగా ఉంది. ప్రెసిడెంటుకి తన పేరు నిలిచిపోయే పనేదైనా చెయ్యాలని కోరిక. పక్కనుండేవాళ్ళ సలహాతో పాత బ్రిడ్జి ప్రమాదకరమని తేల్చేస్తారు. అది కూలిస్తేనే కదా కొత్తది వచ్చేది, కొత్తది వస్తేనే కదా టెండరు, టెండరుంటేనే కదా కమిషను. ప్రతిపక్షం మొదట గోల చేస్తుంది. పంచుకునే లెక్క కుదిరాక చల్లబడుతుంది.

పాత్రల పేర్లు చూడండి: ప్రెసిడెంటు దుశ్శాసన కురుపు (భరత్ గోపి), ఆయన భార్య మండోదరి (శ్రీవిద్య), ఆయన కుడి భుజం శిఖండి పిళ్ళై (నెడుముడి వేణు). ఇంకొకాయన జీమూతవాహనుడు. మనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మాటలు రాసింది కార్టూనిస్టు యేసుదాసన్, అందుకే సినిమా మొత్తం కదిలే కార్టూనులా ఉంటుంది. మనుషులు నడిచే తీరు, కళ్ళు తిప్పే తీరు, అన్నీ ఒక గీత ఎక్కువే. మొదటిసారి చూసేవాళ్ళకి "ఇంత ఓవర్ యాక్షన్ ఏంటి" అనిపిస్తుంది. పదినిమిషాలాగితే అది కావాలని పెట్టిన కొలత అని అర్థమవుతుంది.

నేనైతే ఈ రెంటిలో 'పంచవడి పాలం' వైపే మొగ్గుతాను, అభిమానం మాత్రం ఇప్పటికీ 'జానే భీ' మీదే. కారణం చెప్తాను. 'జానే భీ'లో అవినీతి అంటే హత్య చేసే బిల్డరు, అదేదో పెద్ద పట్నం వ్యవహారం. 'పంచవడి'లో ఎవరూ విలన్లు కారు. అందరూ మన వార్డు మెంబర్లలాంటి వాళ్ళే. సంతకం పెట్టినవాడు, నోరు మూసుకున్నవాడు, విందుకి వెళ్ళి భోంచేసి వచ్చినవాడు. కొత్త బ్రిడ్జి కూలినప్పుడు పోయేది కూడా వీళ్ళలో ఎవరూ కాదు. శ్రీనివాసన్ వేసిన, చక్రాల బల్ల మీద పాక్కుంటూ తిరిగే వికలాంగుడి పాత్ర ఒకటుంది. ఎప్పుడో ఒక నిమిషం కనిపించి పోతుంటే మనం కూడా పట్టించుకోం. సినిమా మనల్ని పట్టేది అక్కడే.

కేరళలో ఈ సినిమా పేరు సామెతలా అయిపోయింది. కొచ్చిలో పాలారివట్టం ఫ్లైఓవర్‌ని 2016లో ప్రారంభించి, పగుళ్ళొచ్చి 2019 మేలో మూసెయ్యాల్సి వచ్చింది. చాలా భాగం పగలగొట్టి మళ్ళీ కట్టి 2021 మార్చిలో తెరిచారు. అప్పుడు అక్కడి జనం నోట మళ్ళీ నలిగిన పేరు 'పంచవడి పాలమే'. సినిమా వచ్చిన ముప్పై అయిదేళ్ళకి!

ఇబ్బంది ఏంటంటే దీన్ని సబ్‌టైటిళ్ళతోనే చూడాలి. మీ ఇంట్లో మలయాళం సినిమాలు అలవాటైన కుర్రాళ్ళుంటే పర్లేదు. పెదనాన్నల గదికి ఇదీ పనికిరాదు.

మన మీద మనం నవ్వుకోవాలంటే

2021లో తమిళంలో 'మండేలా' వచ్చింది. మడోన్ అశ్విన్ మొదటి సినిమా, కొత్త దర్శకుడిగా జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నాడు. 2023 అక్టోబరులో అదే కథ తెలుగులో 'మార్టిన్ లూథర్ కింగ్' పేరుతో వచ్చింది. పూజ కొల్లూరు దర్శకత్వం, సంపూర్ణేష్ బాబు హీరో. స్క్రీన్‌ప్లే, మాటలు రాసింది వెంకటేష్ మహా, ఆయన నటించారు కూడా.

కథ ఇంతే. ఊరు రెండుగా చీలిపోయింది. పంచాయతీ ప్రెసిడెంటు పదవికి ఒకే తండ్రి కొడుకులు ఇద్దరు, చెరో పక్క నిలబడ్డారు. లెక్క వేస్తే రెండు వైపులా ఓట్లు సరిసమానం. చెట్టు కింద బతికే ఒక అనామకుడికి కొత్తగా ఓటు వచ్చింది. తమిళంలో అతను క్షురకుడు, తెలుగులో చెప్పులు కుట్టేవాడు. అసలు పేరేంటో అతనికే తెలీదు, ఊరంతా 'స్మైల్' అని పిలుస్తారు. దాచుకున్న డబ్బుల కోసం పోస్టాఫీసులో ఖాతా తెరవాలంటే పేరు కావాలి కాబట్టి, అక్కడి అమ్మాయి ఒక పేరు పెడుతుంది. పేరు రాగానే కార్డు, కార్డు రాగానే ఓటు. ఓటు రాగానే, నిన్నటిదాకా వాకిట్లోకి రానివ్వని ఊరు కుర్చీ వేస్తుంది.

ఈ కథ పుట్టింది తమిళనాట అయినా మనకి పరాయిది కాదు. 2021లో హుజూరాబాద్, 2022లో మునుగోడు ఉప ఎన్నికలప్పుడు వచ్చిన వార్తలు గుర్తున్నాయా? ఓటుకి డబ్బు పంచుతున్నారని జనం రోడ్డెక్కలేదు. పక్కవాళ్ళకిచ్చి మాకెందుకివ్వలేదని ఎక్కారు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ప్రతి ఎన్నికకీ ముందు వారం నన్నడిగే మాట ఒక్కటే: "మన బ్లాకుకి ఇంకా రాలేదా సార్?" కవరు సంగతే. అందులో సిగ్గు, భయం ఏమీ ఉండవు. గ్యాస్ బండ వచ్చిందా అని అడిగినట్టే అడుగుతాడు.

అందుకే ఈ సినిమాలో నవ్వు దొంగ మీద పడదు, కొనేవాడి మీద సగం, అమ్ముకునేవాడి మీద సగం పడుతుంది. స్మైల్ దేవుడేం కాదు. రెండు వర్గాలూ పోటీ పడి కానుకలిస్తుంటే మొదట్లో హాయిగా తీసుకుంటాడు. మంచి బట్టలు వస్తాయి, తిండి వస్తుంది, మర్యాద వస్తుంది. ఒద్దని ఎందుకంటాడు? మనమూ అతనితోపాటు ఆ వైభవం చూసి మురిసిపోతాం. రాబోయేది తెలిసినా మురిసిపోతాం. సినిమా తెలివంతా ఈ మురిపించడంలోనే ఉంది.

రెండింట్లో ఏది చూడాలి? నాదొక మొండి అభిప్రాయం: ఒక్కరే చూస్తుంటే తమిళం, ఇంటిల్లిపాదీ చూస్తుంటే తెలుగు. తమిళంలో యోగిబాబు మొహం చాలు. అతను ఏమీ అనకుండా నిలబడితే కూడా దానిలో యాభై ఏళ్ళ అవమానం కనిపిస్తుంది. కులం సంగతి అక్కడ ఇంకా సూటిగా తగులుతుంది. గడ్డం గీయించుకోవడానికి ఇంటికి పిలిపించి, ముందు గుమ్మంలోంచి రానివ్వకపోవడం లాంటివి. తెలుగు సినిమా కథని దాదాపు అలాగే ఉంచింది. తమిళం చూసినవాళ్ళకి కొత్త తక్కువ. కానీ భాష మనది, నరేశ్ లాంటి తెలిసిన మొహాలున్నాయి. 'హృదయ కాలేయం'లో చూసిన సంపూర్ణేష్ బాబు ఇక్కడ అరుపులు లేకుండా, ఒద్దికగా చేశాడు. థియేటర్లలో దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది నాకు కాస్త కష్టంగానే ఉంది.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో ఎవరైనా ఆ వారమే కవరు తీసుకుని ఉంటే, సినిమా మధ్యలో గది కాస్త నిశ్శబ్దమవుతుంది. మీరు మాత్రం ఎవరి వైపూ చూడకండి.

పెద్దవాళ్ళున్న గదికి

పాతదే కావాలంటే 'పెద్దమనుషులు'. 1954, వాహినీ, కె.వి. రెడ్డి. డి.వి. నరసరాజు మాటలు రాసిన మొదటి సినిమా. ఇబ్సెన్ నాటకం ఆధారం, కానీ చూస్తున్నంతసేపూ ఎక్కడా నార్వే గుర్తు రాదు. మన మున్సిపాలిటీయే కనిపిస్తుంది. ఛైర్మన్ ధర్మారావు (జంధ్యాల గౌరీనాథశాస్త్రి) బయటికి సాక్షాత్తూ ధర్మరాజు. దండలు, దండాలు, సభలు. తలుపులు మూశాక ఆయన చుట్టూ ఉండే ముఠా వేరు, లెక్కలు వేరు. ఈ పెద్దల ముసుగు తీసే పని సినిమా ఎవరికి అప్పజెప్పిందంటే, ఊరంతా పిచ్చివాడనుకునే తిక్క శంకరయ్యకి. రేలంగి. 'నందామయా గురుడ నందామయా' అని ఆయన వీధుల్లో పాడుకుంటూ పోతుంటే, తెలివైనవాళ్ళు చెప్పడానికి భయపడేవన్నీ కొసరాజు పాటలో వచ్చేస్తాయి.

నిజం చెప్పాలంటే దీన్ని పూర్తి కామెడీ అనలేం. కుటుంబం, కన్నీళ్ళు, నీతి, అన్నీ ఉన్నాయి, నడక కూడా పాతకాలపు నిదానం. కామెడీ మాత్రమే కావాలనుకునే కుర్రాళ్ళు మధ్యలో ఫోన్లు తీస్తారు. కానీ పెదనాన్నలూ నానమ్మలూ ఉన్న గదిలో దీన్ని మించింది లేదు. సినిమా కన్నా పక్కన వాళ్ళు చెప్పే వ్యాఖ్యానం బాగుంటుంది. మా నానమ్మ తిక్క శంకరయ్య వచ్చినప్పుడల్లా మా ఊళ్ళో అలాంటి మనిషి ఒకడుండేవాడని, అతని ఆస్తి ఎవరెవరు తిన్నారో వరసగా చెప్పేది. అందులో మా చుట్టాల పేర్లు కూడా వస్తాయి.

గోడ దూకే ఎమ్మెల్యేల మీద కోపంగా ఉన్నవాళ్ళకి మాత్రం నేను 'మహమ్మద్ బిన్ తుగ్లక్' చెప్తాను. చో రామస్వామి తమిళంలో నాటకంగా ఆడించి, 1971లో సినిమా తీశారు. మరుసటి ఏడాదే తెలుగులో నాగభూషణంతో వచ్చింది. సమాధిలోంచి తుగ్లక్ లేచొచ్చాడని దేశం నమ్మేస్తుంది, అతను ఎన్నికల్లో నిలబడి ప్రధానమంత్రి కూడా అయిపోతాడు. తన పార్టీలోకి వచ్చిన ఎంపీలందరికీ ఉప ప్రధాని పదవి. ఎంతమంది వస్తే అంతమంది ఉప ప్రధానులే! తీసిన తీరు నాటకంలాగే ఉంటుంది, కెమెరా పెద్దగా కదలదు, అయినా ఆ ఒక్క ఆలోచన కోసం కూచోవచ్చు. యాభై ఏళ్ళ కిందటి వెటకారం అనిపించదు.

పిల్లలు పడుకున్నాక

చివరిది మనకి దూరం దేశానిది. మెక్సికో, 1999, లూయిస్ ఎస్త్రాదా దర్శకత్వం, 'లా లెయ్ దె ఎరోదెస్', అంటే హేరోదు చట్టం. కథాకాలం 1949. ఎక్కడో ఎడారి మధ్య ఒక ఊరు. అక్కడి మేయర్లు తిన్నదెక్కువై జనం చేతిలో చచ్చిపోతున్నారు. ఎన్నికల ముందు గోల వద్దని, పార్టీలో చెత్తకుప్పల దగ్గర పనిచేసే హువాన్ వర్గాస్ అనే బుద్ధిమంతుణ్ణి వెతికి మేయరుగా పంపుతారు. అతను నిజంగానే ఊరిని బాగుచేద్దామనుకుంటాడు. ఖజానాలో చిల్లిగవ్వ లేదు. నిధులడగడానికి పైవాడి దగ్గరికి వెళ్తే, ఒక చేతిలో రాజ్యాంగం పుస్తకం, ఇంకో చేతిలో పిస్తోలు పెట్టి పంపిస్తాడు. ఇవి రెండూ ఉంటే డబ్బుకి లోటేంటని.

వర్గాస్ నేర్చుకుంటాడు. ముందు సిగ్గుపడుతూ, తర్వాత లెక్కపెడుతూ, ఆ తర్వాత చట్టాన్నే తనకి కావాల్సినట్టు రాసుకుంటూ. ఊరికి కరెంటు తెస్తానని ఒకే ఒక్క స్తంభం పాతి పండగ చేస్తాడు. తీగ లేదు, కరెంటు లేదు, స్తంభం ఉంది. ఆ స్తంభం దగ్గర నేను సినిమా ఆపి కాసేపు నవ్వుకున్నాను. మా మండలంలో నీళ్ళు రాని వాటర్ ట్యాంకు ఒకటుంది, రంగు మాత్రం ప్రతి ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది.

ఈ సినిమాలో అప్పటి అధికార పార్టీ పీఆర్ఐ పేరుని నేరుగా పెట్టారు. 1929 నుంచి అప్పటిదాకా దేశాన్ని ఏలిన పార్టీ అది. సినిమాకి డబ్బు పెట్టిన ప్రభుత్వ సంస్థే విడుదలకి అడ్డుపడబోయింది. ఆ గొడవే సినిమాకి మంచి ప్రచారమైంది. 2000లో సినిమా దేశమంతా ఆడింది, అదే ఏడాది జులైలో ఆ పార్టీ 71 ఏళ్ళ తర్వాత అధ్యక్ష పదవి పోగొట్టుకుంది. సినిమా వల్లే ఓడిందని నేననను. ప్రజలు అప్పటికే ఎంత విసిగిపోయి ఉన్నారో మాత్రం తెలుస్తుంది.

ఇందులో నవ్వేది దొంగ అవుతున్న మంచివాడి మీద. మొదట్లో అతని పక్షాన ఉంటాం, ఎక్కడ విడిపోయామో గుర్తుండదు. రక్తం, వేశ్యాగృహం, బూతులు అన్నీ ఉన్నాయి. పిల్లలతో, అత్తామామలతో చూడకండి. నా మాట విని ఒక్కరే చూడండి, మర్నాడు సెలవు పెట్టుకుంటే ఇంకా మంచిది.

వదిలేసినవి

రాజకీయ వెటకారం అనగానే మనవాళ్ళకి 1987 నాటి 'మండలాధీశుడు' గుర్తొస్తుంది. కోట శ్రీనివాసరావు ఎన్టీఆర్‌ని పోలిన పాత్ర వేశారు, దానికోసం అభిమానుల చేతిలో దెబ్బలు తిన్నానని తరవాత ఇంటర్వ్యూల్లో చెప్పేవారు కూడా. దాన్ని ఇక్కడ పెట్టలేదు. అది ఒక మనిషి మీద వెటకారం. ఆ మనిషి, ఆ రోజులు తెలియని కుర్రాళ్ళకి సగం అర్థం కాదు. హిందీ 'కిస్సా కుర్సీ కా' సంగతి వేరు. ఎమర్జెన్సీలో ఆ సినిమా నెగెటివ్‌తో సహా ప్రింట్లన్నీ తగలబెట్టేశారు, తరవాత మళ్ళీ తీసి 1978లో విడుదల చేశారు. చరిత్ర కోసం చూడాలి. నవ్వు కోసమైతే పైన చెప్పినవే నయం.

ఓటీటీల్లో ఇవాళ ఉన్నది రేపుండదు కాబట్టి ఎక్కడ దొరుకుతుందో నేను చెప్పను, కూచునే ముందు వెతుక్కోండి. ఇంకో సంగతి: సబ్‌టైటిళ్ళు ఉన్నాయో లేదో పదినిమిషాలు ముందే ఆడించి చూసుకోండి. మలయాళం సినిమా మొదలుపెట్టాక అవి లేవని తెలిస్తే గదిలో ఉన్న పరువు పోతుంది. నాకు అదీ అయింది.

మొన్న సంక్రాంతికి మళ్ళీ అందరం కలిశాం. ఈసారి పిన్ని అడక్కముందే 'మార్టిన్ లూథర్ కింగ్' పెట్టాను. బాబాయి నిద్రపోలేదు. స్మైల్‌కి కొత్త బట్టలు తొడిగే దగ్గర మేనకోడలు పకపకా నవ్వింది. పెదనాన్న మాత్రం చివరిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. సినిమా అయ్యాక లేచి, చెంబు తీసుకుని నీళ్ళు తాగి, "పోయినసారి మన వీధికి ఒక్కో ఓటుకి ఎంతిచ్చార్రా?" అన్నాడు మామయ్యతో. మామయ్య పిన్ని వైపు చూశాడు. పిన్ని రిమోట్ కోసం వెతుకుతోంది.